పరుపులక్క వదిలిన మూల

ఆ వీధిలో ఎవరైనా రాత్రి ఒళ్ళెరగకుండా నిద్రపోయారంటే అందులో సగం పుణ్యం పరుపులక్కది. దాదాపు నలభై ఏళ్ళుగా అక్కడి నడుములన్నీ ఆవిడ కుట్టిన పరుపుల మీదే వాలాయి. పెళ్ళికి ఆవిడే కావాలి, పురిటికి ఆవిడే, మంచాన పడ్డ ముసలివాళ్ళకీ ఆవిడే. అసలు పేరు ఏ కాగితాల్లోనో ఉండే ఉంటుంది గానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే ఎవరినో అనుకుని ఆవిడే పక్కకి తప్పుకుంటుంది.

చచ్చినవాళ్ళు లేచి తిరిగిన ఆ రోజులు గడిచి తొమ్మిదేళ్ళయింది. ఇప్పటికీ ఆవిడ అదే కొట్లో, అదే గచ్చు మీద కాళ్ళు చాపుకుని కుడుతూనే ఉంది. ఆ రోజుల మాట ఎత్తితే, "ఏం చెప్పమంటావు నాయనా, బాగా అలిసిపోయాం" అంటుంది. అంతకు మించి ఒక్క ముక్క రాదు. మిగిలింది వీధివాళ్ళు చెప్పగా విన్నది.

పంతొమ్మిదో ఏట ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. మామగారు అప్పటికే లేరు. కొట్టు నడిపేది అత్తగారు. ఆవిడ నోరూ దూది ఏకే విల్లూ ఒకటేనని, తెల్లారినప్పటి నుంచి మోగుతూ ఉండాల్సిందేనని వీధిలో నవ్వుకునేవారు. కోడలి కుట్టు వంకర అనేది, నడక మెతక అనేది, కూరలో ఉప్పు ఎక్కువైనా తక్కువైనా దాని వెనక పుట్టింటి పెంపకం ఉందనేది. అన్నేళ్ళలో ఒక్కసారైనా "బాగుంది" అన్న పాపాన పోలేదు. అయితే పని మాత్రం దాచుకోకుండా నేర్పింది. చేతి మీద చెయ్యి వేసి, దబ్బనం పట్టించి, కన్నకూతురికి నేర్పినట్టు నేర్పింది.

మొదటి పాఠం మూల గురించి. పరుపు చుట్టూ గట్టి కుట్టు వేసినా, దూది కూరిన మూల దగ్గర జానెడు మేర కచ్చాకుట్టుతో సరిపెట్టాలి. రెండేళ్ళకో మూడేళ్ళకో దూది ఉండలు కడుతుంది. అప్పుడు ఆ మూల దారం పట్టుకుని ఒక్క లాగు లాగితే కుట్టంతా జారిపోవాలి, గుడ్డ చిరక్కూడదు. దూది తీసి, ఏకి, మళ్ళీ కూరి ఇవ్వాలి. "లాగితే ఊడాలి, లాగకపోతే ఉండాలి. అది రాకపోతే నువ్వు పరుపుల మనిషివి కావు" అనేది అత్తగారు. కోడలి వేళ్ళకి ఆ సంగతి ఎంతగా పట్టుబడిందంటే, ఆఖరి జానెడు దగ్గరికి వచ్చేసరికి బుర్రతో పనిలేకుండా చెయ్యే కుట్టు మార్చుకునేది.

పరుపులక్కకి పిల్లలు కలగలేదు. దూది ధూళి గుండెల్లో పేరుకుని భర్త దగ్గి దగ్గి కన్నుమూశాడు. మిగిలింది మరిది. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి వాడికి ఆరేళ్ళు. జ్వరం వస్తే ఆవిడ పక్కలోనే పడుకున్నాడు, బడికి పోనని ఆవిడ కొంగు పట్టుకునే ఏడ్చాడు. పెరిగి ఆరడుగుల మనిషయ్యాడు, నీళ్ళ ట్యాంకరు నడిపాడు, గుమ్మం దాటాలంటే తల వంచాల్సి వచ్చింది. అయినా ఇంట్లో వాడి పేరు బుడ్డోడే. పెళ్ళి చేసుకోరా అంటే, "ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ మధ్యే నలిగిపోతున్నాను, మూడో ఆవిడకి చోటెక్కడుంది" అనేవాడు.

ఇంతలో ఆ జబ్బు వచ్చింది. రేడియోలో జాంబీలు అన్నారు. వీధిలో ఎవరి నోటా ఆ మాట రాలేదు. నిన్నటిదాకా పాలు పోసినవాణ్ణి, ఉత్తరాలు తెచ్చినవాణ్ణి, బడిలో గంట కొట్టినవాణ్ణి పరాయి పేరుతో పిలవడానికి మనసొప్పలేదు. లేచినవాళ్ళు అన్నారు. వాళ్ళకి చూపు సరిగా ఆనదు. చప్పుడైతే మాత్రం ఎంత దూరం నుంచైనా మెల్లగా నడిచి వస్తారు. పళ్ళు దిగాయంటే ఆ మనిషికి మర్నాటి మధ్యాహ్నం దాకానే గడువు.

వీధి రెండు చివర్లా ఇనుప మంచాలు నిలబెట్టి తీగలతో కట్టేశారు. లోపల ముప్పై ఒక్కమంది మిగిలారు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళు తిండీ మందులూ తెచ్చారు, పడక తప్పనివాళ్ళు పడుకున్నారు, ఎవరెప్పుడు కాపలా కాయాలో బడి మాస్టారు పలక మీద రాసి పెట్టారు. అందరూ గుసగుసగానే మాట్లాడుకునేవారు. చిత్రమేమిటంటే అలా మాట్లాడటం మొదలెట్టాక వీధిలో తగువులు తగ్గిపోయాయి. గుసగుసగా ఎంతసేపని తిట్టుకుంటారు?

బొంతకోటు పుట్టింది రెండో వారంలో. పరుపులక్క చుట్టిన పరుపు భుజాన వేసుకుని మేడ దిగుతుంటే, పక్కింటి మెట్ల కింద నుంచి లేచినవాడొకడు మీద పడ్డాడు. వాడి పళ్ళు పరుపులో దిగాయి, దూదిలో ఇరుక్కుపోయాయి, రాలేదు. ఆవిడ పరుపు వదిలేసి మేడెక్కింది. ఆ సాయంత్రం కూర్చుని ఆలోచించింది. తెల్లారి చారల పరుపుగుడ్డ రెండు పొరలు తీసుకుని, మధ్యలో నాలుగు వేళ్ళ మందాన దూది కూరి, మోకాళ్ళ దాకా పొడవూ మణికట్ల దాకా చేతులూ ఉన్న కోటు కుట్టింది. విల్లు మోగితే చప్పుడని దూదంతా వేళ్ళతోనే పీకింది. దానికి ఒక పూటంతా పట్టేది, గోళ్ళ సందుల్లో రక్తం చిమ్మేది. బుడ్డోడు మొదటి కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుని, "వదినా, నన్ను ఇద్దరు మోసుకెళ్ళి ఎండలో ఆరేస్తారేమో" అన్నాడు. నలభై రోజుల్లో ఆ వీధి నవ్విన నవ్వులు లెక్కపెడితే అది రెండోదో మూడోదో.

ఆ కోట్లతో ఎన్నోసార్లు బయటికి వెళ్ళి వచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. తెచ్చినవన్నీ మందులూ అగ్గిపెట్టెలూ కొవ్వొత్తుల్లాంటి చిన్న సరుకులే. నడుముకి సంచీ కట్టుకుని, చేతులు కిందికి వేలాడేసుకుని నడిచేవారు.

నలభై మూడో రోజుకి తిండి నిండుకుంది. రెండు వీధుల అవతల రైలు గోదాములో పిండి బస్తాలున్నాయని తెలిసింది. పొద్దున్నే బుడ్డోడూ, ఆ వీధిలోనే ఉండే ఆస్పత్రి కాంపౌండరూ బస్సు కండక్టరూ కోట్లు తొడుక్కుని వెళ్ళారు. వాళ్ళు వెళ్ళేముందు పరుపులక్క ముగ్గురికీ మెడ దగ్గర గుడ్డ సర్ది, దేవుడికి ఒక మాట చెప్పుకుని, కొట్లోకి వచ్చి కొత్త కోటు ముగించే పనిలో పడింది. రాత్రి కాపలా చేసి వచ్చిందేమో, కళ్ళు మండుతున్నాయి. కోటులో దూది ఎప్పటిలాగే చంక దగ్గర నుంచి కూరింది. ఆఖరి జానెడు కుట్టి, దారం తెంపి, అత్తగారి ఒళ్ళో పెట్టింది.

అత్తగారికి చూపు మందగించి అప్పటికి నాలుగేళ్ళయింది. కుట్టు ఎలా ఉందో వేళ్ళతోనే చూసేది. ఆ పూట కోటంతా తడిమి, చంక దగ్గర ఆగి, ఆ జానెడూ రెండుసార్లు తడిమింది.

"మూల బాగా వదిలావమ్మాయ్" అంది. "రెండేళ్ళకైనా ఇట్టే ఊడొస్తుంది. బాగుంది."

ముప్పై ఏళ్ళుగా ఎదురుచూసిన మాట. వినీ వినగానే పరుపులక్క కోటు లాక్కుని చంక దగ్గర రెండు వేళ్ళతో పట్టి చూసింది. కచ్చాకుట్టే. ఈ కోటుకే కాదు, ఇప్పటిదాకా కుట్టిన పదకొండింటికీ అదే కుట్టు అయి ఉంటుంది. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఇన్నాళ్ళూ చేతులు కిందికి ఉన్నాయి గనక నిలబడింది. ఇవాళ బస్తాలు తల మీదికెత్తుతారు. చేతులెత్తగానే చంకలో కుట్టు లాగుతుంది. లాగితే ఊడుతుంది.

ఆవిడ వీధి చివర మంచాల దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళి మాస్టారికి సంగతి చెప్పింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కేకేసి చెప్పే వీల్లేదు, ఆ కేకకి మనవాళ్ళ కన్నా ముందు లేచినవాళ్ళు వస్తారు. పంపడానికి గట్టి మనిషి ఎవరూ లేరు. ఉన్న మిగతా కోట్లన్నీ అదే తీరు.

"నేనే వెళ్తాను మాస్టారూ" అంది ఆవిడ.

"నీ మోకాళ్ళు..." అని ఆగిపోయారు ఆయన.

"అవి ఇక్కడున్నా నొప్పే కదా."

కొత్త కోటు చంకలు రెండూ అక్కడే నిలబడి, జంట దారంతో గట్టిగా కుట్టుకుంది. చెప్పులు విడిచింది. దబ్బనం, దారపుండ నడుముకి కట్టుకుంది. మాస్టారి భార్య లోపలికి వెళ్ళి, తమ వంతు నీళ్ళు ఒక గ్లాసెడు తెచ్చి ఇచ్చింది. ఆవిడ సగం తాగి సగం తిరిగి ఇచ్చింది.

నలభై రోజులుగా చూడని వీధి. ఎండ వెచ్చగా ఉంది. అద్దాల కొట్టు ముందు గాజుముక్కలు తప్పించుకుంటూ, గోడవారగా, ఒక్కో అడుగూ ఆనించి నడిచింది. మూసిన మందుల షాపు మెట్ల మీద పడి ఉన్న ఒక మనిషి ముఖం మీద ఎవరో కర్టెన్ గుడ్డ కప్పి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టారు. ప్రాణభయంతో పరుగెత్తేవాళ్ళు కూడా అందుకు ఆగారన్నమాట. ఆవిడ లోలోపలే దణ్ణం పెట్టుకుని ముందుకు సాగింది. మలుపులో ఉత్తరాలతను నిలబడి ఉన్నాడు. సంచీ ఇంకా భుజానే ఉంది. గోడకి నుదురు ఆనించి, ఎటు వెళ్ళాలో మరిచిపోయినవాడిలా ఊగుతున్నాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి అతని వెనకనుంచి దాటింది. దాటాక కళ్ళు తుడుచుకుంది.

గోదాము వెనక తలుపు తీసే ఉంది. లోపల కాంపౌండరూ కండక్టరూ ఉన్నారు. బుడ్డోడు లేడు. మొదటి బస్తా వాడే ఎత్తుకున్నాడట. వెనక దారిలో ఉత్తరాలతను ఉన్నాడని, ముందు వీధిలోంచి బయల్దేరాడట. పావుగంట అయిందట.

ఆవిడ కుట్టు సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. వాళ్ళిద్దరూ అప్పటికే చెరో బస్తా దగ్గర వంగి ఉన్నారు. కాంపౌండరు చంక తడుముకుని చూసుకున్నాడు. వేలు లోపలికి దూరింది.

"మీరు బుడ్డోడి వెనక వెళ్ళండక్కా. మేమెలాగో వస్తాం."

ఎలాగో రావడమంటే ఏమిటో ఆవిడకి తెలుసు. బస్తాలు తీసుకెళ్ళకపోతే లోపల ముప్పైమందికి ఎల్లుండి తిండి లేదు. ఎత్తుకుని వెళ్తే ఇద్దరి చంకలూ తెరుచుకుంటాయి. బుడ్డోడికేమో పావుగంట ముందు నడక, ఆరడుగుల మనిషి అడుగులు. ఈ మోకాళ్ళతో అందుకోలేదు. అందుకోగలదేమోనన్న ఆశ మాత్రం పోలేదు.

"చెయ్యెత్తు" అంది.

నాలుగు చంకలు. చంకకి పాతిక పోట్లు. కాంపౌండరిది కుడుతున్నప్పుడు ఆవిడ చెయ్యి వణకలేదని అతను తర్వాత అందరికీ చెప్పాడు. కండక్టరు వంతు వచ్చేసరికి వణికింది. దబ్బనం అతని పక్కటెముకలో గుచ్చుకుంది. పాపం అతను పెదవి కొరుక్కుని, "టిక్కెట్టు కొట్టినట్టుందక్కా, కానివ్వండి" అన్నాడు. ఆవిడ నవ్వలేదు గానీ, ఆ మాటకి చెయ్యి కుదుటపడింది. కుట్టు అయ్యాక ముగ్గురూ బయల్దేరారు. తిరుగుదారిలో ఒక లేచిన మనిషి కండక్టరు చంక పట్టుకుంది. పళ్ళు జారిపోయాయి, కుట్టు నిలిచింది.

మంచాల బయట, మూసిన సైకిల్ షాపు ఉంది. పళ్ళు పడ్డవాళ్ళు లోపలికి రాకూడదనీ, అందులోనే ఉండాలనీ మొదటి వారమే అందరూ కలిసి అనుకున్న నియమం. ఆ రోజు చెయ్యెత్తి ఒప్పుకున్నవాళ్ళలో బుడ్డోడూ ఉన్నాడు. ఆవిడ వచ్చేసరికి పిండిబస్తా మంచాలకి ఆనించి ఉంది. చిటికెడు పిండి కూడా ఒలకలేదు. సైకిల్ షాపు చువ్వల తలుపు లోపల నుంచి గడియ పెట్టి ఉంది. వాడు స్టూలు మీద కూర్చున్నాడు. కోటు విప్పి, ఇంకొకరికి పనికొస్తుందని మడిచి, చువ్వల బయటికి తోసి పెట్టాడు. కుడిచంక నుంచి దూది బయటికి వచ్చింది. దూది ఎర్రగా ఉంది.

ఆవిడ చువ్వలు పట్టుకుని కింద కూలబడింది.

"నా వల్లే నాయనా. పరుపు అనుకుని కుట్టేశాను."

"తెలుసులే వదినా. బస్తా ఎత్తగానే జర్రుమంది. వెనక్కి తిరిగొచ్చేద్దామనుకున్నా, బద్ధకించాను." స్టూలు చువ్వల దగ్గరికి జరుపుకున్నాడు. "గోదాము ముందు మలుపులోనే అయిపోయింది. నువ్వు ఇక్కణ్ణుంచి బయల్దేరక ముందే."

అది నిజమో, ఆవిడ కోసం అన్న మాటో ఆవిడకి తెలియలేదు. అడగలేదు కూడా. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు నీళ్ళ ట్యాంకరు సంగతులు మాట్లాడుకున్నారట. దాని ఎడమచక్రం గాలి ఎప్పుడూ ఎందుకు దిగేదో, వేసవిలో కుళాయిల దగ్గర ఎవరెవరు ఎలా కొట్టుకునేవారో.

అత్తగారిని కుర్చీతో సహా ఇద్దరు మోసుకొచ్చారు. చువ్వల్లోంచి చెయ్యి పెట్టి కొడుకు తల తడిమింది, నుదురు తడిమింది. నుదురు అప్పటికే కాలుతోంది. పక్కనున్న కోటు ఒళ్ళోకి తీసుకుని, చంక దాకా వేళ్ళు నడిపింది. జారిపోయిన దారం వేలికి తగిలింది. చుట్టూ ఉన్నవాళ్ళు నేల చూపులు చూశారు. ముప్పై ఏళ్ళు మోగిన నోరు ఇప్పుడేమంటుందోనని అందరికీ భయమే.

"నేనే అత్తయ్యా" అంది పరుపులక్క. "కచ్చాకుట్టు వేశాను. మీ కొడుకుని నేనే..."

"ఊరుకో" అంది అత్తగారు. ఆ దారాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ అంది. "మూల వదలమని నీకు నేర్పిందెవరు? పొద్దున తడిమి కూడా బాగుందన్నాను. ముప్పై ఏళ్ళకి ఒక్కసారి బాగుందన్నాను, అదీ దీనికి. దీంట్లో నువ్వు మోసేది ఉంటే సగమే. తక్కిన సగం నాది. వాడి ముందు ఏడవకు."

లోపల నుంచి బుడ్డోడు, "ఇద్దరూ సర్దుకున్నారా, ఇక నేను పడుకుంటాను" అన్నాడు.

మర్నాటి పొద్దున జ్వరం తలకెక్కింది. కాంపౌండరు తన దగ్గర మిగిలిన నిద్రమందంతా నీళ్ళలో కలిపి ఇచ్చాడు. వదిన గ్లాసు పట్టుకుంటే, తల్లి కొడుకు గడ్డం పట్టుకుంది. గుక్కగుక్కకీ ఆగుతూ తాగాడు. మధ్యాహ్నానికి ముందే నిద్రపోయాడు. ఆ తర్వాత, వాడు మళ్ళీ లేవకుండా చెయ్యవలసింది కాంపౌండరు చేశాడు. ఎలా చేశాడని ఎవరూ అడగలేదు. అతను రెండు రోజులు అన్నం ముట్టకపోతే, కండక్టరే పక్కన కూర్చుని బలవంతాన తినిపించాడు. ఆ పిండితో ముప్పైమంది మూడు వారాలు గడిపారు. పైవాడి లెక్కలు మనకి అందవు. అందవని తెలిసినా తిన్న ప్రతి ముద్దకీ బుడ్డోడు గుర్తొస్తూనే ఉండేవాడు.

బుడ్డోడు పోయిన ఆ మధ్యాహ్నమే పరుపులక్క ఇంటికి వచ్చి, కాళ్ళైనా కడుక్కోకుండా మిగిలిన తొమ్మిది కోట్లూ ముందేసుకుని కూర్చుంది. ఒక్కొక్క చంకలో పాత దారం లాగేసి, జంట దారంతో కుట్టడం మొదలుపెట్టింది. ఏడోది సగంలో ఉండగా దబ్బనం పట్టుకునే పక్కకి ఒరిగి నిద్రపోయింది. రెండు రాత్రులుగా ఆవిడ కంటి మీద కునుకు లేదు. అత్తగారు పాకుతూ వచ్చి, ఆవిడ వేళ్ళ మధ్య నుంచి దబ్బనం తీసి, తల కింద తన చీర చెంగు మడిచి పెట్టింది.

కోట్లు ఎప్పటికి అవుతాయో కనుక్కుందామని కాంపౌండరు గుమ్మంలోకి వచ్చాడు. పరుపులక్కని లేపబోయాడు.

"లేపకు నాయనా" అంది అత్తగారు. ఒళ్ళో ఏడో కోటు ఉంది, వేళ్ళు చంక వెతుకుతున్నాయి. "నేను కుడతాను. కళ్ళు లేవు గానీ చేతులున్నాయి. ఆ దారం ఒక్కటి ఎక్కించి ఇచ్చి వెళ్ళు."

కాంపౌండరు గడప మీద కూర్చున్నాడు. దారం కొస నోట తడిపి, దబ్బనం వెలుతురు వైపు ఎత్తి పట్టుకున్నాడు. ఒకసారి తప్పింది, రెండోసారీ తప్పింది. ముసలావిడ తొందరపెట్టలేదు, చెయ్యి చాపుకునే కూర్చుంది. మూడోసారికి ఎక్కింది.